పెద్దమ్మ ఊరెళితే పని ఆగకూడదు: సామాజిక సంస్థలో నేర్పును ఆస్తిగా మలచుకోవడం ఎలా

సంక్రాంతికి ఇంకా 9 రోజులు ఉంది. హైదరాబాద్‌ ఉప్పల్‌లో ఒక సందులో, రెండు గదుల అద్దె ఇంట్లో 11 మంది మహిళలు నడుపుతున్న మా పిండివంటల కేంద్రానికి 60 కిలోల సకినాల ఆర్డరు వచ్చింది. నేను అక్కడ లెక్కలు చూసే మనిషిని. మాలో అందరికంటే పెద్దావిడను పెద్దమ్మ అని పిలుస్తాం. ఆవిడ కూతురి పురుడుకని కరీంనగర్ వెళ్లింది. పిండి కలపడం అందరికీ వచ్చు, చుట్టడం అందరికీ వచ్చు, ఇక భయమెందుకు అనుకున్నాం. మొదటి వాయి బాగానే దిగింది. రెండో వాయి మూకుడులో టపటపా పేలింది. ఒకామె ముంజేయి కాలింది. మూడో వాయి రాయిలా గట్టిపడింది. రాత్రికి చూసుకుంటే 14 కిలోల పిండి నేలపాలు. పెద్దమ్మకు ఫోను చేస్తే ఆవిడ అడిగింది ఒక్కటే మాట: "పిండిని పిడికిట పట్టి చూశారా?"

ఎవరూ చూడలేదు. అలా చూడాలని ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లుగా ఆవిడ అలా చూస్తోందని కూడా మేం గమనించలేదు.

మీరూ ఇలాంటి సంస్థ నడుపుతున్నారా? అంటే సరుకో సేవో అమ్మి, ఆ రాబడితోనే ఒక సామాజిక అవసరాన్ని తీర్చే సంస్థ. విరాళాల మీద బతికే సేవా సంఘం కాదు, లాభం కోసమే పుట్టిన దుకాణమూ కాదు. మీ దగ్గర పెద్ద యంత్రాలు ఉండవు, బ్యాంకులో నిల్వ అంతంతమాత్రం. మనుషులకు తెలిసిన పనే మీ మూలధనం. ఆ మూలధనాన్ని లెక్కలోకి ఎలా తెచ్చుకోవాలో, దానిమీద సంస్థకూ మనుషులకూ ఎలా సంపాదించిపెట్టాలో, మేం దెబ్బలు తిని నేర్చుకున్న క్రమంలోనే చెబుతాను.

మొదట మూడు మాటలు వేరు చేసుకోండి

శిక్షణ తరగతుల్లో "జ్ఞానం" అన్న ఒక్క మాటను పెద్ద అక్షరాలతో తెర మీద చూపించి వదిలేస్తారు. పనికొచ్చే మాటలు మన ఇళ్లలోనే ఉన్నాయి: కిటుకు, ఒడుపు, ఎరుక.

కిటుకు అంటే చెబితే వచ్చేది. సజ్జలను వేయించి మర పట్టిస్తే పిండి త్వరగా చేదెక్కదు అన్నది కిటుకు. ఒక వాక్యంలో చెప్పవచ్చు, ఫోనులో చెప్పినా చాలు. ఒడుపు చేస్తేనే వస్తుంది. పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిపెడుతూ తెగకుండా చుట్టు తిప్పడం ఒడుపు. వంద వీడియోలు చూసినా మొదటి రోజు తెగుతుంది. ఎరుక మనుషుల గురించి తెలిసి ఉండటం. జూన్‌లో పిల్లల ఫీజుల కోసం ఎవరికి ముందస్తు డబ్బు కావాలో, ఏ కిరాణా దుకాణదారు చెప్పిన తేదీకి బాకీ కడతాడో, ఎవరి భర్త తాగి వచ్చి జీతం లాక్కుంటాడో, ఇదంతా ఎరుక.

ఈ మూడింటినీ ఒకే డబ్బాలో పెడితే మూడూ పాడవుతాయి. కిటుకును పుస్తకంలోకి ఎక్కించాలి. ఒడుపును మనిషి నుంచి మనిషికి దాటించాలి. ఎరుకను మాత్రం కాపాడాలి. దాన్ని అమ్మకానికి పెట్టిన చోట ఈ నగరంలో ఏమి జరిగిందో ముందుముందు చెబుతాను.

పక్కన కూర్చోండి, ప్రశ్నలు తగ్గించండి

"పెద్దమ్మా, సకినాలు ఎలా చేస్తారు?" అని అడిగితే వచ్చే జవాబు ఏ వంటల పుస్తకంలోనైనా దొరుకుతుంది. బియ్యం నానబెట్టాలి, తడిపిండి పట్టించాలి, నువ్వులు, వాము, ఉప్పు వేయాలి, తగినన్ని నీళ్లు పోయాలి. అసలు గుట్టు ఆ "తగినన్ని"లో ఉంది. పని బాగా వచ్చినవారికి తమకు ఏమి వచ్చో తెలియదు. నడిచే మనిషిని ఏ కాలు ముందు వేస్తావని అడిగినట్టే.

అందుకే శివరాత్రి దాటి ఆవిడ తిరిగి వచ్చాక 4 రోజులు పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఒక నోటుపుస్తకం, ఒక తూకం, ఫోనులో గడియారం. నీళ్ల చెంబును కలపకముందు, కలిపాక తూచాను. 4 రోజులూ 4 రకాల లెక్క వచ్చింది. మొదట నేనే తప్పు తూచానేమో అనుకున్నాను. కాదు. గిర్నీ నుంచి వచ్చిన పిండిలో తడి రోజూ ఒకేలా ఉండదు. బియ్యం ఎంతసేపు వడకట్టారు, గుడ్డ మీద ఎంతసేపు ఆరింది, గిర్నీ దగ్గర వరుసలో ఎంతసేపు నిలబడ్డారు, అన్నిటినీ బట్టి మారుతుంది. నీళ్ల కొలత రాసుకోవడం వృథా అని అప్పుడు అర్థమైంది. రాసుకోవలసింది గుర్తు. పిండిని పిడికిట బిగించి తెరిస్తే ముద్ద నిలవాలి. వేలితో తాకితే విడిపోవాలి. నిలవకపోతే పిండి ఆరిపోయింది. తాకినా విడిపోకపోతే తడి మిగిలింది, నీళ్లు తగ్గించాలి. చుట్టిన సకినాన్ని గుడ్డ మీద వేసి ఆరనివ్వాలి. అంచు పట్టి లేపితే గుడ్డను అంటుకోకుండా రావాలి. అప్పుడే నూనెలోకి. లోపల చిక్కుకున్న తడి ఆవిరై బయటకు తన్నడమే ఆ పేలుడు.

కాబట్టి మీరు అడగవలసిన ప్రశ్న "ఎలా చేస్తారు" అన్నది కాదు. ఈ మూడు అడగండి: చెడబోతోందని మీకు ముందే ఎలా తెలుస్తుంది? చెడితే ఎలా సరిచేస్తారు? కొత్తవాళ్లు ఎక్కడ తప్పు చేస్తారు? మూడో ప్రశ్నకు పెద్దమ్మ అరగంట ఆగకుండా చెప్పింది. ఇతరుల తప్పులు చెప్పడంలో ఉన్న హుషారు మరెక్కడ వస్తుంది.

ఒక పనికి ఒక పేజీ చాలు. పైన పని పేరు, చెప్పినవారి పేరు, తేదీ. తర్వాత గుర్తులు, ఆ తర్వాత తప్పులు. చెప్పినవారి పేరు తప్పకుండా ఉండాలి. దాని అవసరం డబ్బు లెక్క వచ్చినప్పుడు తెలుస్తుంది.

నొప్పిని యంత్రానికి ఇవ్వండి, నిర్ణయాన్ని మనిషి దగ్గర ఉంచండి

నోటుపుస్తకం నిండాక పెద్ద ఆశ పుడుతుంది, అంతా యంత్రంతో చేయిద్దామని. ఆగండి. ఏది యంత్రానికి ఇవ్వాలో తేల్చుకోవడానికి మనకు దగ్గరలోనే గొప్ప ఉదాహరణ ఉంది. ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం చేనేత కుటుంబంలో పుట్టారు. పోచంపల్లి పద్ధతి చీరకు ఆసు పోయాలి, అంటే అర్ధచంద్రాకారంలో నాటిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆయన 1992లో యంత్రం తయారీ మొదలుపెట్టి 1999కి పూర్తి చేశారు. చదివింది ఆరో తరగతి వరకే. చివరి చిక్కుముడి బాలానగర్‌లో పనిచేస్తుండగా అక్కడి యంత్రమొకటి కదిలే తీరు చూశాకే విడిందని చెబుతారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. యంత్రానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఆ యంత్రం ఏ పని ఎత్తుకుందో చూడండి. డిజైను కాదు, రంగుల ఎంపిక కాదు, దారానికి ఎక్కడ కట్టు కట్టాలన్న నిర్ణయం కాదు. భుజాన్ని అరగదీసే తిప్పుడును మాత్రమే. నేత కళ నేతగాళ్ల దగ్గరే ఉండిపోయింది. పైగా చేతులు ఖాళీ అయ్యాయి.

మీ పనిలో ఆసు ఏదో వెతకండి. మా దగ్గర అది పిండి జల్లించడం. రోజుకు 3 గంటలు, అందరికీ నడుము నొప్పి, ఎవరి తెలివీ అక్కరలేని పని. చిన్న మోటారు జల్లెడ కొన్నాం. చుట్టే యంత్రం కొనమని ఒకాయన మహా పట్టుబట్టాడు. కొనలేదు. మా సకినం కొనేవారు చేతి చుట్టు చూసే కొంటారు.

ఒకరి నేర్పును పదిమందికి పంచేటప్పుడు ముక్కలు చేయండి

మొత్తం పని మొత్తం అందరికీ నేర్పాలని చూస్తే ఏదీ రాదు. ఈ విషయంలో బంజారాహిల్స్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో దీన్ని నెలకొల్పారు. ఒక కంటి డాక్టరుకు తెలిసినదంతా ఊరూరికీ చేర్చడం అసాధ్యం. అందుకని ఆ వైద్యాన్ని మెట్లుగా విడగొట్టారు. సుమారు 50,000 జనాభాకు ఒక దృష్టి కేంద్రం. అందులో ఇంటర్ చదివి ఏడాది శిక్షణ పొందిన స్థానిక యువతో యువకుడో ఉంటారు. చూపు పరీక్షించి అద్దాలు ఇస్తారు, శుక్లం ఉంటే గుర్తుపడతారు. ఆపరేషన్ వారి పని కాదు. అటువంటి 10 కేంద్రాలకు, అంటే 5 లక్షల మందికి, పైన ఒక చిన్న ఆసుపత్రి. దానికి పైన పెద్ద ఆసుపత్రి. అన్నిటికీ పైన హైదరాబాద్ కేంద్రం. డబ్బు కట్టగలిగినవారి నుంచి వచ్చిన రాబడితో కట్టలేనివారికి ఉచితంగా చూస్తారు. చికిత్స పొందేవారిలో దాదాపు సగం మంది పైసా కట్టరు.

ఆ ఏడాది శిక్షణలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది, ఎక్కడ ఆగాలో, ఎవరి దగ్గరకు పంపాలో తెలియడం. మనం కొత్తవారికి పని నేర్పుతాం, ఆగడం నేర్పం. మా కేంద్రంలో ఇప్పుడు పని మూడు మెట్లు. కడగడం, నానబెట్టడం, జల్లించడం ఎవరైనా చేస్తారు. పిడికిలి పరీక్ష చేసి "ఈ పిండి సరే" అనే హక్కు ఐదుగురికి ఉంది. నూనె కాక చూసి పొయ్యి దగ్గర నిలబడేది ఇద్దరే. మిగతావారికి చేతకాక కాదు. అనుమానం వస్తే ఎవరిని పిలవాలో అందరికీ తెలియాలని. ఒక మెట్టు నుంచి పైమెట్టుకు వెళ్లడానికి పరీక్ష ఉంది. వరసగా 10 వాయిలు పెద్దమ్మ పక్కన నిలబడి మాట్లాడకుండా దించాలి. "మాట్లాడకుండా" అన్నది నిజానికి పెద్దమ్మకు పెట్టిన నియమం.

లేని తెలివిని అరువు తెచ్చుకోండి

హైదరాబాద్‌లో ఉండి ఈ పని చేయకపోతే గోదావరి ఒడ్డున కూర్చుని దాహం అన్నట్టే. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. భారతీయ ఆహార పదార్థాల్లో 528 రకాలకు పోషక విలువల పట్టికలను 2017లో ప్రచురించింది. మీ పొట్లం మీద "బలవర్ధకం" అని ఊహించి రాసే బదులు ఆ పట్టిక తెరవండి. రాజేంద్రనగర్‌లో భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. అక్కడికి దగ్గరలోనే జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో గ్రామీణ సాంకేతిక ఉద్యానం ఉంది. పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్, అంటే మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ, ఉంది. లెక్కలు, పెట్టుబడి, అమ్మకాల మాటకొస్తే కొత్త సంస్థలకు చేయూతనిచ్చేందుకు 2015లో మొదలైన టి-హబ్, మహిళల కోసం 2018లో ప్రత్యేకంగా పెట్టిన వీ-హబ్ ఉన్నాయి.

ఎలా వెళ్లాలి? "మాకు సాయం చేయండి" అని వెళ్లకండి. టీ ఇచ్చి, కరపత్రం ఇచ్చి పంపేస్తారు. ఒక నమూనా, ఒకే ప్రశ్న పట్టుకుని వెళ్లండి. మా సజ్జ లడ్డూలు పది రోజులకే చేదెక్కేవి. ఆ లడ్డూ ఒకటి, తాజాది ఒకటి, రెండు పొట్లాలు పట్టుకుని "ఇది ఎందుకు ఇలా అవుతోంది?" అని మాత్రమే అడిగాం. సజ్జలో కొవ్వు ఎక్కువ, మర పట్టగానే గింజలోని ఎంజైములు ఆ కొవ్వును విడగొట్టడం మొదలుపెడతాయి, గింజను ముందే వేడి చేస్తే వాటి పని ఆగుతుంది అని ఒక శాస్త్రవేత్త పది నిమిషాల్లో చెప్పారు. మా అమ్మమ్మల కాలంలో సజ్జలు వేయించే మర పట్టించేవారని అప్పుడు పెద్దమ్మ గుర్తు చేసుకుంది. ముందే చెప్పవచ్చు కదా అంటే, "మీరు ప్యాకెట్ పిండి కొనుక్కొస్తే నేనేం చెప్పను బిడ్డా" అంది. శాస్త్రం చెప్పినది, ఇల్లు చెప్పినది ఒకే పేజీలో పక్కపక్కన రాశాం.

ఇప్పుడు డబ్బు లెక్క

చాలా సామాజిక సంస్థలు తడబడేది ఇక్కడే. తెలివికి ధర కట్టడం అంటే అదేదో పాపమన్నట్టు చూస్తారు. మా అంకెలు చెబుతాను. మీవి వేరుగా ఉంటాయి, పద్ధతి తీసుకోండి.

కిలో సకినాలకు బియ్యం, నువ్వులు, వాము, నూనె, గ్యాస్ కలిపి 170 రూపాయలు. కూలి 90. అద్దె, కరెంటు, పొట్లాలు 40. మొత్తం 300. అమ్మింది 320కి. కిలోకు 20 మిగులుతోందని రెండేళ్లు సంబరపడ్డాం. నిజానికి 100 కిలోలు చేస్తే 10 కిలోలు విరిగో, పేలో, మాడో పోయేవి. ఖర్చు 30,000, అమ్మింది 90 కిలోలే, వచ్చింది 28,800. అంటే 1,200 నష్టం. నోటుపుస్తకం, మూడు మెట్లు వచ్చాక వృథా 3 కిలోలకు తగ్గింది. 97 కిలోలకు 31,040. అంటే 1,040 మిగులు. బియ్యం అవే, నూనె అదే, ధర అదే. ఈ రెండు లెక్కల మధ్య తేడా 2,240 రూపాయలు. ఆ అంకె పెద్దమ్మ నేర్పు విలువ, 100 కిలోలకు. ఊహ కాదు, చిట్టాలో కనిపిస్తుంది.

మీరూ ఇలాగే తీయండి. నేర్పు రాకముందు వృథా ఎంత, వచ్చాక ఎంత. తిరిగొచ్చిన సరుకు ఎంత, ఇప్పుడెంత. కొత్తమనిషి పని అందుకోవడానికి ఇదివరకు ఎన్ని వారాలు, ఇప్పుడెన్ని.

ఆ తర్వాత పంపకం. నేర్పు అన్న తెలుగు మాటకు నైపుణ్యం అనీ అర్థమే, బోధించు అనీ అర్థమే. అందుకే మా చిట్టాలో ఒక కొత్త పద్దు పెట్టాం, "నేర్పు కూలి" అని. అమ్మిన కిలోకు 5 రూపాయలు. పేజీ మీద ఎవరి పేరుంటే వారికి వెళుతుంది. ఒక పనికి ఇద్దరి పేర్లుంటే చెరిసగం. దీనివల్ల జరిగిన వింత ఏమిటంటే, అంతకుముందు కిటుకులు దాచుకునేవారు కూడా పేజీలు రాయించడానికి వరుస కట్టారు. దాచుకోవడం పిసినారితనం కాదు, అది వారి ఏకైక బీమా. "నాకు వచ్చింది అందరికీ వచ్చేస్తే నన్ను ఎవరు ఉంచుకుంటారు?" అన్న భయానికి ఉపన్యాసం జవాబు కాదు, వాటా జవాబు.

సామాజిక విలువ కొలవడానికి పెద్ద నివేదికలు అక్కరలేదు. నేను మూడింటినే చూస్తాను. ఈ నెల ఎంతమంది సొంత ఖాతాలో డబ్బు పడింది, భర్త ఖాతాలో కాదు. నిరుడు చేతకాని పని ఈ ఏడు ఎంతమందికి వచ్చింది. ఎవరైనా మానేస్తే ఎందుకు మానేశారు. మూడోది రాయడానికి మనసు ఒప్పదు, అదే ఎక్కువ నేర్పుతుంది.

ఏది ఉచితంగా పంచాలి, ఏది అమ్మాలి

అన్నీ గుట్టుగా పెట్టుకోనక్కరలేదు, అన్నీ పంచనూ అక్కరలేదు. తార్నాక ప్రాంతం నుంచే పనిచేసే సుస్థిర వ్యవసాయ కేంద్రం 2004 నుంచి పురుగుమందులు లేని సాగు మెలకువలను రైతులకు పంచుతోంది. 5 శాతం వేపగింజల కషాయం ఎలా తీయాలో, ఏ పురుగు ఏ దశలో ఉంటే కొట్టాలో గుట్టుగా ఉంచితే ఎవరికీ లాభం లేదు. పక్కచేను వాడు మందు కొడుతుంటే నా చేను ఒక్కటీ నిలవదు. అందుకే ఆ తెలివి ఉచితం. జనగామ వైపు ఏనబావి ఊరంతా రసాయనాలు వదిలిందంటే ఆ పంపకం వల్లే. రాబడి మరోచోట ఉంది. అలా పండిన పంటను రైతుల సొంత సంస్థ "సహజ ఆహారం" పేరుతో నగరంలో అమ్ముతుంది. పదిమందికి తెలిస్తే విలువ పెరిగే తెలివిని పంచేయాలి. తెలిసినవారు పెరిగేకొద్దీ విలువ తరిగే తెలివిని సరుకులో కలిపి అమ్మాలి.

మరో పద్ధతి వస్తువుతోపాటే తెలివిని ఇవ్వడం. హైదరాబాద్‌కు చెందిన ఖేతి సంస్థ చిన్న రైతులకు తక్కువ ఖర్చు గ్రీన్‌హౌస్ అమ్ముతుంది, దానితోపాటు సాగు శిక్షణ, మార్కెట్ దారి కూడా చూపిస్తుంది. 2022లో ఎర్త్‌షాట్ బహుమతి గెలుచుకుంది. నాలుగు గొట్టాలు, ఒక వల మాత్రమే ఇచ్చి చేతులు దులుపుకుంటే మూడో నెలలో ఆ వల మీద బట్టలు ఆరేసుకునేవారు.

యజమాని ఎవరో కాగితం మీద తేల్చండి

పసుపు గాయాన్ని మాన్పుతుందని మన అమ్మలకు తెలుసు. దాని మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చేశారు. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాల ఆధారాలు చూపించాకే 1997లో రద్దయింది. రాసి ఉండటం వల్లే గెలిచాం అన్నది గుర్తుంచుకోండి. మీ నోటుపుస్తకం మీది తేదీకి, పేరుకు ఉన్న బలం అదే.

ఊరి తెలివిని సేకరించేటప్పుడు పాటించవలసిన మర్యాదకు హైదరాబాద్‌లోని పల్లె సృజన మంచి నమూనా. విశ్రాంత బ్రిగేడియర్ పోగుల గణేశం నడిపించే ఈ స్వచ్ఛంద సంస్థ శోధయాత్రల పేరుతో ఊళ్లు తిరిగి, బడి చదువు లేని ఆవిష్కర్తలను వెతికి పట్టుకుంటుంది. మల్లేశం యంత్రానికి గుర్తింపు తేవడంలోనూ దాని చేయి ఉంది. తేనెటీగ పువ్వు నుంచి తేనె తీసుకున్నా పువ్వుకు నష్టం చేయదు, తిరిగి పుప్పొడి మోసి మేలు చేస్తుంది. ఈ మాట మీద నడిచే జాతీయ స్థాయి బృందంలో పల్లె సృజన ఒక భాగం. తీసుకున్నది వారి పేరుతోనే చెప్పాలి, వారి భాషలోనే వారికి తిరిగి వినిపించాలి.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఒక అడుగు ముందుకు వేశారు. విత్తనాల గురించి వారికి తెలిసినదాన్ని ఎవరో వచ్చి రాసుకుపోనివ్వలేదు. తామే కెమెరా పట్టారు, 2008 నుంచి తామే సంఘం రేడియో నడుపుతున్నారు. చదువు రాని రైతు మహిళకు పుస్తకం కంటే గొంతు దగ్గర కదా. మీ దగ్గర చదవలేనివారు ఉంటే పేజీతోపాటు ఫోనులో వారి గొంతూ రికార్డు చేసి పెట్టుకోండి.

చట్టం సంగతి క్లుప్తంగా. తెలివి ఎవరిదో వారే యజమానులుగా ఉండే రూపం ఎంచుకోండి. తయారుచేసేవారు పదిమంది లేదా అంతకు మించి ఉంటే ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చు. చేనేత, హస్తకళ, కుటీర పరిశ్రమలకూ అది వర్తిస్తుంది. 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టం కింద సంఘమూ మంచి దారే. లాభం పంచుకోకుండా పూర్తిగా సేవకే అంటే కంపెనీల చట్టంలోని 8వ సెక్షన్ ఉంది, కానీ అందులో సభ్యులకు డివిడెండు ఉండదు. మిగతాది ఒక చార్టర్డ్ అకౌంటెంటును కూర్చోబెట్టి అడగండి, ముందుగా ఫీజు ఎంతో కూడా.

ఎరుక జోలికి వెళ్లేటప్పుడు

చెబుతానన్న మాట ఇది. 2010 ప్రాంతంలో దేశానికి సూక్ష్మ రుణాల రాజధాని హైదరాబాద్. ఆ వ్యాపారం నిలబడింది ఎరుక మీదే. ఒకే వీధి ఆడవాళ్లకు ఒకరి సంగతి ఒకరికి తెలుసు, ఒకరికొకరు పూచీ పడతారు, తాకట్టు అక్కరలేదు. చక్కటి ఆలోచన. కానీ అప్పులు పోటీపడి పెంచాక అదే ఎరుక వసూలు ఆయుధమైంది. ఎవరింటి ముందు కూర్చుంటే ఎవరికి సిగ్గో పొరుగింటామెకే కదా తెలిసేది. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి, 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ వసూళ్లకు కళ్లెం వేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు కుప్పకూలాయి. డబ్బు విలువ పుట్టించిన తెలివే ఇరుగుపొరుగు నమ్మకాన్ని తినేసింది.

కాబట్టి మీ సభ్యుల ఇంటి సంగతులు నోటుపుస్తకంలో రాయకండి, కంప్యూటర్‌లోకి ఎక్కించకండి, డబ్బిచ్చే సంస్థలు "లబ్ధిదారుల కథ" కావాలని అడిగితే సదరు మనిషిని అడగకుండా ఇవ్వకండి. ఆ ఎరుకను వాడవలసింది ఒక్కదానికే, పనిని వారి జీవితానికి అమర్చడానికి. జూన్ మొదటి వారంలో మేం ముందస్తు ఇస్తాం, అందరికీ ఇస్తాం. ఎవరికి అవసరమో తెలిసినా పేరు పెట్టి పిలవం.

చివరి పని: రాసింది చదివి వినిపించండి

పుస్తకం పూర్తయిందనుకున్నాక సంక్రాంతికి నెల ముందు అందరం కూర్చున్నాం. ఇంటర్ చదువుతున్న అమ్మాయి ఒకతె పేజీలు చదువుతోంది. పెద్దమ్మ వక్క నములుతూ, కళ్లు మూసుకుని వింటోంది. "బియ్యం ఆరు గంటలు నానాలి" అన్న చోట కళ్లు తెరిచింది.

"ఎవరు చెప్పారు?"

"మీరే పెద్దమ్మా. పేరు కూడా మీదే ఉంది."

"ఎప్పుడు చెప్పాను?"

తేదీ చూశాం. మార్చి నెల.

"అది ఎండాకాలపు లెక్క బిడ్డా. ఈ చలికి ఆరు గంటలు ఏమి చాలుతుంది? రాత్రంతా నానాలి. అది రాయలేదేమిటి?"

అమ్మాయి ఆ వాక్యం పక్కన గీత గీసి, కొత్త వాక్యం రాసి, కింద ఆ రోజు తేదీ వేసింది. పెద్దమ్మ మళ్లీ కళ్లు మూసుకుని, "ఊఁ, తర్వాత చదువు" అంది.